మహానగరంలోని పేటలన్నీ సైకిల్ మీద తిప్పి చూపించాలంటే

పెద్ద నగరాన్ని బస్సులోంచి చూస్తే మధ్యలో అద్దం అడ్డం. నడిచి చూద్దామంటే ఒక పేట దాటేసరికే కాళ్లు పీకుతాయి. సైకిల్ మీద అయితే మూడు గంటల్లో నాలుగైదు పేటలు తిరిగి రావచ్చు. వీధిలో మాటలు వినబడతాయి, వాసనలు తెలుస్తాయి, నచ్చిన చోట కాలు కింద పెట్టి ఆగొచ్చు. మీరు ఉండే నగరంలో ఇలాంటి సైకిల్ టూర్ నడపాలనుకుంటే, మొదటి ఆలోచన దగ్గర్నుంచి చివరి మనిషి సైకిల్ అప్పగించి వెళ్లేదాకా ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

నా దృష్టిలో ఇలాంటి టూర్‌కి ప్రాణం హద్దుల్లో ఉంటుంది. ఒక పేట అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట ఇళ్ల ఎత్తు మారుతుంది, బోర్డుల మీద లిపి మారుతుంది, రోడ్డు వెడల్పు మారుతుంది. రైలు పట్టాలో, కాలువో, పెద్ద రోడ్డో దాటగానే ఊరు మారినట్టు ఉంటుంది. కారులో వెళ్లేవాళ్లకి ఈ మార్పు కనబడేలోపే వెనకబడిపోతుంది. సైకిల్ మీదున్నవాళ్లకి కళ్ల ముందే జరుగుతుంది. మిగతా ఏర్పాట్లన్నీ ఆ మార్పు మీ వెంట వచ్చినవాళ్లకి బాగా కనబడడం కోసమే.

ముందు ఒక ప్రశ్న పెట్టుకోండి

చూడాల్సిన చోట్ల జాబితా రాసుకుని వాటిని గీతతో కలిపితే టూర్ అయిపోదు. అలా చేస్తే ప్రతి స్టాపు దగ్గరా ఒక తారీఖు, ఒక పేరు చెప్పి బయలుదేరడమే మిగులుతుంది. దాని బదులు ఒకే ఒక్క ప్రశ్న తీసుకోండి. ఈ పేటల వాళ్లు ఇక్కడికే ఎందుకు వచ్చి చేరారు? ఈ నగరంలో పని ఎక్కడుంది, ఆ పని చేసేవాళ్లు ఎక్కడుంటున్నారు? నీళ్లు ముందు ఎవరికి వచ్చాయి, ఆఖర్న ఎవరికి వచ్చాయి? మీ నగరానికి ఏది సరిపోతుందో అది ఎంచుకోండి.

జవాబు చాలాసార్లు పాత మ్యాపుల్లోనే దొరుకుతుంది. సింగపూర్‌లో 1822 నాటి పట్టణ ప్లానులోనే చైనీయులకి, మలయులకి, భారతీయులకి వేరువేరు చోట్లు గీసిపెట్టారు. ఇవాళ అక్కడ సైకిల్ తొక్కేవాళ్లు దాటేది ఒకప్పుడు కాగితం మీద గీసిన గీతల్నే. కొన్ని చోట్ల గీత నేల మీదే ఉంటుంది. నగరాన్ని తూర్పు, పడమరలుగా విడదీసిన బెర్లిన్ గోడ 1961లో లేచి 1989లో తెరుచుకుంది. గోడ పోయినా నగరం నడిబొడ్డున అది ఉన్న చోట రోడ్డుకి అడ్డంగా రెండు వరసల రాళ్లు పరిచి ఉంచారు. పడమటి బెర్లిన్ చుట్టూ ఆ గోడ వెంబడే సుమారు 160 కిలోమీటర్ల సైకిల్ దారి కూడా ఉంది. మీ నగరంలో హద్దు ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు. పాత మునిసిపల్ మ్యాపుని ఇప్పటి మ్యాపు పక్కన పెట్టి చూడండి. పాత కోట గోడ, పూడ్చేసిన కాలువ, మూతపడ్డ మిల్లు, ఇలాంటివి రెండు మూడు చేతికి తగులుతాయి.

దారి గీయడం

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా తప్పేది లెక్క దగ్గరే. ఒక్కరే తొక్కితే గంటకి 16, 18 కిలోమీటర్లు సులువుగా వెళ్తారు కాబట్టి గుంపు కూడా అంతే వెళ్తుందనుకుంటారు. ఊళ్లో, ట్రాఫిక్‌లో, సైకిల్ తొక్కి ఏళ్లయినవాళ్లు కూడా ఉన్న గుంపు గంటకి 10 నుంచి 12 కిలోమీటర్లకి మించి కదలదు.

మూడు గంటల టూర్ అనుకుందాం. దారి 14 కిలోమీటర్లు పెట్టండి. గంటకి 11 చొప్పున తొక్కడానికే 76 నిమిషాలు. ఏడు స్టాపులు, ఒక్కోటి ఏడు నిమిషాలు అనుకుంటే 49. మొదట్లో సైకిళ్లు సర్దడానికి, జాగ్రత్తలు చెప్పడానికి 15. మధ్యలో నీళ్లు తాగి కూర్చోడానికి ఇంకో 15. ఇప్పటికే 155 నిమిషాలు అయ్యాయి. మిగిలిన 25 నిమిషాలు సిగ్నళ్లకి, ఒక పంక్చర్‌కి. ఇంకో మంచి చోటు ఉంది కదా అని ఎనిమిదో స్టాపు దూర్చారా, ఆ 25 నిమిషాల్లోంచే తినేస్తుంది. అప్పుడు చివరి గంటంతా హడావుడే. చోటు ఎంత బాగున్నా సరే, ఒకటి చేర్చాలంటే ఒకటి తీసేయండి.

దారి ఏ దిక్కుగా తిరగాలన్నది చాలామంది పట్టించుకోరు. ఎడమ వైపు బండ్లు నడిచే దేశాల్లో ఎడమకి తిరగడం తేలిక, కుడికి తిరగాలంటే ఎదురొచ్చే ట్రాఫిక్‌ని దాటాలి. అందుకని వీలైనంతవరకు అన్నీ ఎడమ మలుపులే వచ్చేలా, అంటే గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా చుట్టి రండి. కుడి వైపు నడిచే దేశాల్లో దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి. ఈ ఒక్క మార్పుతో సగం టెన్షన్ తగ్గుతుంది.

గీసిన దారిని, వారంలో ఏ రోజు టూర్ ఉంటుందో ఆ రోజునే, అదే గంటలో తొక్కి చూడండి. ఆదివారం పొద్దున ఖాళీగా కనబడ్డ వీధిలో బుధవారం సాయంత్రం కాలు పెట్టడానికి చోటుండదు. బడి వదిలే వేళ, ప్రార్థనల వేళ, సంత జరిగే రోజు, చెత్త బండి వచ్చే టైము, ఇవన్నీ రాసుకోండి. కొన్ని నగరాల్లో వారంలో ఒక పూట ముఖ్యమైన రోడ్లని బండ్లకి మూసేస్తారు. కొలంబియా రాజధాని బొగొటాలో 1974లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు ప్రతి ఆదివారం, సెలవు రోజుల్లో పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా వంద కిలోమీటర్లకి పైగా రోడ్ల మీద నడుస్తోంది. మీ దగ్గరా అలాంటిది ఉంటే మొదటి టూర్‌లు ఆ పూటే పెట్టుకోండి.

మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే దారి వదిలి ఎలా వెళ్తారో కూడా చూసుకోవాలి. ప్రతి మూడు నాలుగు కిలోమీటర్లకి ఒక రైలు స్టేషనో, బస్ స్టాపో తగిలేలా ఉంటే మంచిది. శుభ్రమైన టాయిలెట్ ఒకటైనా సగం దారిలో ఉండి తీరాలి.

పేట వాళ్లతో ముందే మాట్లాడండి

దీని మీద నేను కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను. 1880ల్లో లండన్‌లో డబ్బున్నవాళ్లు సరదాకి తూర్పు పేటల్లోని పేదల ఇరుకు గదులు చూడ్డానికి గుంపులుగా వెళ్లేవాళ్లు. మనుషుల బతుకుని వింతలా చూసే ఆ అలవాటు ఇంకా పోలేదు. పన్నెండు మంది హెల్మెట్లు పెట్టుకుని ఒక ఇరుకు సందులో ఆగి, ఒకరి గుమ్మం వైపు చూస్తూ నిలబడితే లోపలున్నవాళ్లకి ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీ గుమ్మం ముందు అలా ఎవరైనా ఆగితే మీరు ఒప్పుకోరు కదా. వాళ్ల దగ్గరా మీరు ఆగకూడదు.

కాబట్టి ప్రతి పేటలోనూ కనీసం ఒక మనిషి తెలిసుండాలి. లైబ్రరీలో పనిచేసే ఆవిడో, చాలా ఏళ్లుగా అక్కడే దర్జీ పని చేస్తున్న పెద్దాయనో, కాలనీ సంఘం చూసుకునేవాళ్లో. సైకిల్ పక్కన పెట్టి, నడిచి వెళ్లి కలవండి. ఎంతమంది వస్తారు, ఎప్పుడొస్తారు, ఎక్కడ ఆగుతారు, ఏం చెబుతారు, అన్నీ ముందే చెప్పండి. ఎక్కడ ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదో వాళ్లనే అడగండి. మీరు మ్యాపులో చూసి పెట్టుకున్న చోటు కంటే వాళ్లు చెప్పిందే చాలాసార్లు బాగుంటుంది, నీడ కూడా ఉంటుంది.

వాళ్లలో ఒకరు స్టాపు దగ్గరికి వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడతానంటే అంతకంటే ఇంకేం కావాలి! మీరు చదివి చెప్పే పది మాటల కంటే వాళ్ల ఒక్క మాట నిలిచిపోతుంది. అయితే మీరు టూర్‌కి డబ్బు తీసుకుంటుంటే వాళ్లకీ ఇవ్వండి. ఎంతన్నది ముందే మాట్లాడుకుని, ఆ రోజే చేతికివ్వండి. మొహమాటానికి ఒకసారి ఊరికే వస్తారు, ప్రతి వారం రమ్మనడం న్యాయం కాదు.

ఫొటోల సంగతి గట్టిగానే చెప్పాలి. వీధి తీయొచ్చు, కట్టడాలు తీయొచ్చు. మనుషుల్ని అడగకుండా తీయకూడదు. పిల్లల్ని, ఇళ్ల లోపలి భాగాల్ని అసలు తీయకూడదు. గుళ్లు, మసీదులు, చర్చిల దగ్గర అక్కడి వాళ్లు ఎలా చెబితే అలా.

కొన్ని నగరాల్లో డబ్బు తీసుకుని టూర్ నడపాలంటే గైడ్ లైసెన్సు కావాలి, గుంపుగా వెళ్లడానికి పోలీసు అనుమతి అడిగే చోట్లూ ఉన్నాయి. నగరపాలక సంస్థలో, పర్యాటక శాఖలో కనుక్కుని, ఇన్సూరెన్స్ కూడా చూసుకున్నాకే తారీఖు ప్రకటించండి.

సైకిళ్లు, సంచీ

మనిషికో రకం సైకిల్ తెచ్చుకుంటే పంక్చర్ పడ్డప్పుడు ఎవరి ట్యూబు ఎవరికీ సరిపోదు. వీలైతే అన్నీ ఒకే సైజు చక్రాలవి అద్దెకి తీసుకోండి. టైరులో ఎంత గాలి ఉండాలో టైరు పక్క గోడ మీదే అచ్చేసి ఉంటుంది. ఎవరి సైకిల్ వాళ్లు తెచ్చుకుంటే వాల్వులు రెండు మూడు రకాలుంటాయి కాబట్టి అన్నింటికీ పట్టే పంపు పెట్టుకోండి.

సంచీలో పంపు, రెండు మూడు స్పేర్ ట్యూబులు, టైరుని రిమ్ము మీంచి లేపే లీవర్లు, ఆరు పలకల గుంటున్న బోల్టులు తిప్పే 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు, నట్లతో బిగించే చక్రాలకి 15 మిల్లీమీటర్ల స్పానర్, మందుల పెట్టె, ఎక్కువ నీళ్లు ఉండాలి. సంచీ మీ దగ్గర పెట్టుకోవద్దు. గుంపులో ఆఖర్న వచ్చే మనిషి దగ్గర ఉండాలి, ఎందుకంటే పంక్చర్ పడ్డవాళ్లు వెనకబడతారే గానీ ముందుకి రారు.

బయలుదేరే ముందు

గుంపు పది పన్నెండు మందికి మించనివ్వకండి. ఒక్కో సైకిల్ పొడవు సుమారు 1.8 మీటర్లు. వెనకా ముందూ ఒక సైకిల్ పొడవు ఖాళీ వదిలితే పన్నెండు మంది వరస 40 మీటర్లు దాటుతుంది. అంతకంటే పెద్దదైతే ఒక్క పచ్చ సిగ్నల్‌లో దాటరు, మీ గొంతు కూడా అందరికీ అందదు.

సీట్లు మీరే సర్దండి. మామూలుగా మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు కాలు తిన్నగా చాచుకుంటే ఆ ఎత్తు సరైనది. భయపడుతున్నవాళ్లకి మాత్రం ఇంకొంచెం దించండి, రెండు కాళ్లూ నేలకి ఆనితే ధైర్యంగా ఉంటారు. హెల్మెట్ కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, వెనక్కి జారిపోయిన టోపీలా ఉండకూడదు. బ్రేకులు ఒక్కొక్కరి చేత నొక్కించి చూడండి. ముందు బ్రేకు ఏ చేతి కిందుందో కూడా చెప్పండి, ఇది దేశాన్ని బట్టి మారుతుంది.

తర్వాత ట్రాఫిక్ లేని ఖాళీ చోట అందరినీ ఒక చుట్టు తిప్పండి. ఆ ఒక్క నిమిషంలో ఎవరు తూలుతున్నారో, ఎవరు ఒంటి చేత్తో తొక్కలేరో తెలిసిపోతుంది. వాళ్లని మీ వెనకే పెట్టుకోండి. బాగా తొక్కేవాళ్లు వెనక ఉండాలి. చేతి సైగలు నాలుగు చాలు: ఆగుతున్నాం, ఎడమకి, కుడికి, కింద గుంత ఉంది. ముందు మనిషి చేసిన సైగని ప్రతివాళ్లూ వెనక్కి అందించాలి.

రోడ్డు మీద

మీరు ముందు, మీకు నమ్మకమైన మనిషి ఆఖర్న. ఆ ఆఖరి మనిషికి మెరిసే జాకెట్ ఇవ్వండి, వెనక్కి తిరిగి చూస్తే ఇట్టే కనబడాలి. ఆ మనిషిని దాటి ఎవరూ వెనక్కి వెళ్లరు, మిమ్మల్ని దాటి ఎవరూ ముందుకి రారు. ఇంత చిన్న నియమంతో ఎవరూ తప్పిపోరు.

ఆగి మళ్లీ బయలుదేరేటప్పుడు మొదటి వంద మీటర్లు మరీ నెమ్మదిగా తొక్కండి. ముందున్న మీరు కదిలిన చాలాసేపటికి గానీ పన్నెండో మనిషి కదలరు. మీరు అప్పటికే వేగం అందుకుంటే వెనకవాళ్లు ఒగరుస్తూ తొక్కాల్సి వస్తుంది, ఎర్ర సిగ్నల్ పడుతున్నా దూరేస్తారు. సిగ్నల్ వల్ల గుంపు రెండుగా విడిపోతే కంగారేం లేదు. మీరు కూడలి దాటి పక్కకి తీసి ఆగండి, రెండో సగం నింపాదిగా వస్తారు. మీరు మలుపు తిరగాల్సి ఉంటే మాత్రం వాళ్లకి కనబడే చోటే ఆగాలి. అందరూ ఒకేసారి దాటడం కోసం అడ్డంగా నిలబడి వేరే బండ్లని ఆపడం చాలాచోట్ల చట్టానికి విరుద్ధం, ఎక్కడైనా ప్రమాదం.

ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు మీటరు దూరం ఉంచండి, డోరు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలీదు. లారీ మలుపు తిరుగుతుంటే దాని పక్కకి వెళ్లొద్దు, డ్రైవరు అద్దంలో మీరు కనబడాలంటే వెనకే ఉండాలి. ట్రామ్ పట్టాలున్న నగరమైతే పట్టాని దాదాపు అడ్డంగా కోసినట్టు దాటాలి, ఏటవాలుగా దాటితే చక్రం గాడిలో ఇరుక్కుని మనిషి పడతారు. వాన పడ్డప్పుడైతే దిగి నడిపించుకు వెళ్లడమే మేలు.

ఇరుకు సందుల్లో కూడా దిగి నడవండి. సందులో ఆడుకునే పిల్లలున్నారు, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లున్నారు. బెల్ కొట్టి వాళ్లని తప్పుకోమనడం కంటే మనం దిగడం మర్యాద. పైగా నడిచిన ఆ రెండు నిమిషాల్లోనే ఎవరో ఒకరు పలకరిస్తారు.

ఆగినప్పుడు

సైకిళ్లు రోడ్డు మీంచి, కాలిబాట మీంచి పూర్తిగా తీయించాకే నోరు విప్పండి. ఎండ మీ మొహం మీద పడేలా నిలబడితే వినేవాళ్ల వీపుకి తగులుతుంది, కళ్లు చిట్లించకుండా మిమ్మల్నీ మీరు చూపించేదాన్నీ చూడగలుగుతారు. మూడు నాలుగు నిమిషాలకి మించి చెప్పొద్దు. మిగతా టైము వాళ్ల ప్రశ్నలకి, చుట్టూ చూడ్డానికి.

చెప్పేటప్పుడు కంటికి కనబడేదాన్ని పట్టుకోండి. లండన్‌లో బ్రిక్ లేన్ అనే వీధిలో ఒక ఇటుక కట్టడం ఉంది. ఫ్రాన్స్‌లో మతం పేరుతో తరిమితే పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు 1743లో దాన్ని ప్రార్థనా మందిరంగా కట్టుకున్నారు. తర్వాత అది మెథడిస్టులనే ఇంకో క్రైస్తవ శాఖ వాళ్ల చాపెల్, అంటే చిన్న చర్చి, అయింది. తూర్పు యూరప్ నుంచి యూదులు వచ్చి చేరాక 1898లో వాళ్ల ప్రార్థనా మందిరం, అంటే సినగాగ్, అయింది. బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఆ పేటలో స్థిరపడ్డాక 1976 నుంచి మసీదుగా ఉంది. ఆ గోడ ముందు నిలబడి చెబితే వలసల చరిత్ర రెండు నిమిషాల్లో అర్థమవుతుంది, వేరే బొమ్మ అక్కర్లేదు. అన్ని మతాలు మారిన కట్టడం మీకు దొరక్కపోవచ్చు. పేరు మారిన వీధి, సినిమా హాలు కాస్తా గోడౌన్ అయిన చోటు, ఒకే గుమ్మం మీద రెండు లిపుల్లో ఉన్న బోర్డు, ఇలాంటివి ప్రతి పెద్ద నగరంలోనూ ఉంటాయి.

ఎక్కి తొక్కే ముందు ఒక పని అప్పజెప్పండి. "ఇప్పుడు మనం వంతెన దాటుతాం. దాటాక షాపుల బోర్డుల మీద ఎన్ని భాషలున్నాయో చూడండి" అని చెబితే చాలు. మీరేమీ చెప్పకుండానే హద్దు వాళ్లకే దొరుకుతుంది. తర్వాతి స్టాపు దగ్గర ముందు వాళ్లని మాట్లాడనిచ్చి, ఆ తర్వాత మీరు కారణం చెప్పండి.

వినికిడి కథలు వద్దు. ఫలానా పేట వాళ్లంతా ఇలాంటివాళ్లు అనే మాట అసలే వద్దు, పొగడ్తగా అన్నా సరే. ఆ పేట మనిషి పక్కనే నిలబడి వింటున్నా మార్చకుండా చెప్పగలిగే మాటలే చెప్పండి.

అడ్డం తిరిగినప్పుడు

పంక్చర్ పడితే రోడ్డు మీద ప్యాచ్ వేస్తూ కూర్చోకండి, ట్యూబు మార్చేయండి. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలంతా వేలితో నెమ్మదిగా తడమండి. ముల్లో, గాజు పెంకో అందులోనే ఉండిపోతే కొత్త ట్యూబుకీ అదే గతి. చక్రం పని ఆఖరి మనిషి చూసుకుంటుంటే మీరు ఆ చోటు గురించే ఏదైనా చెబుతూ ఉండండి.

గట్టి వాన వస్తే ఆపేయాలి. ఎవరైనా అలిసిపోతే నలుగురిలో అడక్కుండా పక్కకి పిలిచి, దగ్గర్లోని స్టేషన్ చూపించండి. పేటలో ఎవరైనా వచ్చి "ఎందుకు ఇక్కడ నిలబడ్డారు?" అని అడిగితే వాదించొద్దు. ఎవరో, ఏం చేస్తున్నారో రెండు మాటల్లో చెప్పండి. ఇబ్బందిగా ఉందంటే క్షమించమని అడిగి అక్కడి నుంచి కదలండి.

టూర్ అయ్యాక

సైకిళ్లు అప్పగించాక ఆఖరి మనిషితో పది నిమిషాలు కూర్చోండి. ఎక్కడ వరస తెగింది, ఎక్కడ జనం ఫోన్లు చూసుకున్నారు, ఏ మలుపు దగ్గర భయపడ్డారు, ఇవన్నీ వెనకనుంచి చూసిన ఆ మనిషికే తెలుస్తాయి. అప్పటికప్పుడు రాసుకోండి.

నెలకోసారైనా ఒక్కరే అదే దారిలో తిరిగి రండి. రోడ్డు తవ్వేసి ఉండొచ్చు, మీరు చూపించే ఇల్లు పడగొట్టి ఉండొచ్చు. ప్రతి పేటలోనూ మీకు తెలిసినవాళ్లని కలిసి ఇబ్బందేమైనా ఉందా అని అడగండి. ఫలానా సందులోకి గుంపుని తీసుకురావద్దంటే ఆ వారం నుంచే మానేయండి. దాని బదులు ఎటు వెళ్తే బాగుంటుందో కూడా వాళ్లనే అడిగి, ఆ దారిన ఒకసారి వాళ్లతో కలిసి నడిచి చూశాకే మ్యాపు మార్చండి.